రెండు దరువులు

పైడమ్మ పొద్దున్నే తన వీధి తలుపుతో తగవు పెట్టుకుంది. తలుపుకి నోరు లేదు కాబట్టి తగవు ఒకవైపు నుంచే సాగుతోంది. గుమ్మం పక్కన గోడకి బిగించిన ఆజ్ఞాపలక మీద ఆమె "తలుపు కాస్త తియ్యి" అని రాసింది. తలుపు కదల్లేదు. పలక మీద "కాస్త: తెలియని మాట" అని అక్షరాలు మెరిశాయి.

"కాస్తంటే తెల్దేటి నీకు? ఏ ఊరు తలుపువే నువ్వు?" అని పైడమ్మ దాన్ని అరచేత్తో ఒక్కటిచ్చింది.

పక్కింటి నూకరత్నం పనికి బయల్దేరుతూ ఆగింది. "ఏటైంది పైడీ?"

"నువ్వే సూడప్పా. బార్లా తీస్తే పిల్లి దూరిపోద్దని కాస్త తియ్యమన్నాను. అదేటి తప్పా?"

"కాస్తంటే ఎంతని దానికెలా తెలుస్తాది? తలుపు బెత్తెడు తియ్యి అని రాయి."

పైడమ్మ మూతి ముడుచుకుని అలాగే రాసింది. తలుపు సరిగ్గా బెత్తెడు తెరుచుకుంది. ఆ సందులోంచే పిల్లి నిదానంగా లోపలికి వెళ్ళిపోయింది. దానికి బెత్తెడు చాలునని ఎవరూ ఆలోచించలేదు.

కళింగపట్నంలో ఇళ్ళూ, పొయ్యిలూ, పడవలూ, బళ్ళూ అన్నీ ఇలా రెండు మూడు మాటల ఆజ్ఞలతోనే నడుస్తాయి. తాతల కాలంలో యంత్రాలు తెగ కబుర్లు చెప్పేవట. అడిగినదానికీ అడగనిదానికీ ఔననేవట, తెలియకపోయినా తెలిసినట్టే మాట్లాడేవట. ఆ తియ్యటి మాటలు నమ్మి మోసపోయి, మోసపోయి జనం విసిగిపోయాక నిరూపకం వచ్చింది. అది కబుర్లాడదు. వచ్చిన వాక్యాన్ని మాటలుగా విడగొడుతుంది. ఇందులో వస్తువేది, క్రియేది అని చూస్తుంది. ఆ వస్తువు ఇక్కడ ఉందా, తెరవమంటే అది ఇప్పుడు మూసి ఉందా అని తన దగ్గరున్న నిజాల్లో వెతుకుతుంది. అన్నీ కుదిరితే పని చేస్తుంది, ఒక్కటి కుదరకపోయినా చెయ్యదు. ప్రశ్నకైనా అంతే. ఋజువు దొరికితే అవును, దొరక్కపోతే కాదు. 'ఏమో' అనే జవాబు దానికి నేర్పలేదు. డొంకతిరుగుడు జవాబులతో జనం అప్పటికే చాలా పడ్డారు మరి.

ఆ నిరూపకానికి ఏ మాటలు తెలియాలో, ఏవి అక్కర్లేదో తేల్చే చోటు పదశాల. నూకరత్నం అందులో పదకర్త. పెళ్ళి కాకముందు చేరింది, ఇప్పుడు జుట్టు సగం తెల్లబడింది.

పదశాలకి దగ్గర దారి ఒకటుంది. రత్నం ఎన్నడూ ఆ దారిన వెళ్ళదు. రేవు మీదుగా చుట్టు తిరిగి వెళ్తుంది, అక్కడ దరువుకంబం ఉంది కాబట్టి. ఆ రోజు రొయ్యలు బేరం చెయ్యాలని పైడమ్మ కూడా వెంట వచ్చింది.

రేవుకి చాలా దూరాన, సూర్యుడి వెలుగు చేరని సముద్రపు అడుగున లోతూరు ఉంది. అక్కడి మనుషులు అడుగున పరుచుకున్న లోహపు గడ్డలు ఏరి పైకి పంపుతారు. అంత నీళ్ళలోంచి ఏ రేడియో తరంగమూ పైకి రాదు, శబ్దం ఒక్కటే వస్తుంది. అదీ పీలగా, కొద్దికొద్దిగా. అందుకని లోతూరికీ నేలకీ మధ్య చిన్న ప్రశ్నలకే చోటు. పైవాళ్ళు కిందివాళ్ళ గురించి అడగొచ్చు, కిందివాళ్ళు పైవాళ్ళ గురించి అడగొచ్చు. జవాబిచ్చేది మాత్రం నిరూపకమే. మీటల మీద ప్రశ్న నొక్కి, ఇనుప కంబం మీద అరచెయ్యి ఆనించి నిలబడాలి. ఒక దరువు తగిలితే అవును. రెండు తగిలితే కాదు. మొదట్లో ఉత్తరాలు కూడా దిగేవి. ఇంటి ఉత్తరం చదివినవాడి చెయ్యి వణికితే ఆ నీటి ఒత్తిడిలో పదిమంది ప్రాణాలు పోతాయని గనుల సంస్థ వాటిని ఆపేసింది.

రత్నం భర్త అప్పలసూరి లోతూరిలో ఉన్నాడు. వరసకి మేనబావ. పెళ్ళయ్యాక ఇద్దరూ కలిసి ఉన్నది ఒక్క వానాకాలం. సముద్రం మీద పుట్టి పెరిగినవాడికి దాని అడుగు ఎలా ఉంటుందో చూడాలని చిన్నప్పటి నుంచీ పిచ్చి. పన్నెండేళ్ళ గడువుకి దిగాడు. "సూసొచ్చీస్తాను, నువ్వుండు" అన్నాడు. ఆమె ఉంది.

రోజూ లాగే రత్నం మీటలు నొక్కింది: అప్పలసూరి క్షేమమా. కంబం మీద చెయ్యి ఆనించింది. ఇనుము చల్లగా ఉంది. కాసేపటికి అరచేతిలో ఒక్క దరువు తగిలింది. అది నిరూపకం వేసిన దరువేనని ఆమెకి తెలుసు. తెలిసినా ఆ చెయ్యి వెంటనే తియ్యదు. అంత లోతు నుంచి అతని దగ్గర్లోంచి వచ్చిన చప్పుడు కదా అని అనుకుంటుంది. ఆ ఒక్క దరువు కోసమే ఆమె ఎప్పుడు తెల్లవారుతుందా అని ఎదురుచూస్తుంది. బావ మీద బెంగ వయసుతో తగ్గుతుందని ఎవరో అంటే నమ్మింది కానీ, అది తగ్గలేదు.

"ఎప్పుడూ క్షేమమేనా? ఇంకేటీ అడగవేటి?" అంది పైడమ్మ.

"ఇంకేటడగాల?"

"వస్తన్నాడా అని అడగాల."

రత్నం నవ్వింది. మొదటి గడువు అయిపోయిన ఏడు ఆమె ఆ ప్రశ్న అడిగింది. రెండు దరువులు వచ్చాయి. ఇంటికెళ్ళి వండుకుంది, తింది, మర్నాడు పనికెళ్ళింది. రావడం లేదంటే రావాలని లేకే కదా అని అనుకుంది. తర్వాత ఆ ప్రశ్న జోలికి పోలేదు. కాదన్న మాట రెండోసారి చేతికి తగిలితే తట్టుకునే ఓపిక తనకి లేదు. అయినా ఆయన కోసం చూడ్డం మానలేదు. ఆ మానడమెలాగో ఆమెకి తెలియలేదు.

ఈలోగా పైడమ్మ మీటల ముందుకి జరిగింది. "నువ్వడక్కపోతే నానడుగుతాను" అంటూ, రత్నం వద్దనే లోపల, అప్పలసూరి వస్తున్నాడా అని నొక్కేసి కంబం పట్టుకుంది.

"ఓలమ్మా," అంది. "ఒక్కటే కొట్టింది."

"రెండోది వస్తాది. చెయ్యి తియ్యకు."

ఇద్దరూ ఆగారు. వెనకాల వరసలో ఉన్న ముసలాయన విసుక్కున్నాడు. రెండో దరువు రాలేదు. రత్నం తనే మళ్ళీ ప్రశ్న నొక్కి, రెండు చేతులూ కంబానికి ఆనించింది. ఒక్క దరువు. ఆమె అక్కడే తడిసిన గట్టు మీద కూర్చుంది. పైడమ్మ రొయ్యల సంగతి మర్చిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం, లోతూరి మనుషుల్ని పైకి తెచ్చే ఊర్ధ్వనౌక రేవుకి వచ్చింది. రత్నం మూడు చీరలు కట్టి విప్పింది. చివరికి మొదట కట్టినదే మళ్ళీ కట్టుకుంటుంటే పైడమ్మ, "ఆయనకి వెలుగులో సరిగ్గా కనబడదంట అప్పా, ఏది కట్టినా ఒకటే" అంది. రత్నానికి కోపమూ నవ్వూ కలిసి వచ్చాయి.

లోతు నుంచి వచ్చినవాళ్ళని తిన్నగా గాలిలోకి వదలరు. ఒత్తిడి గదిలో ఉంచుతారు. మందమైన గాజు గోడ, మాట్లాడుకోవడానికి ఒక గొట్టం. రత్నం వెళ్ళేసరికి అతను గాజు అవతల బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎండ తగలక ఒళ్ళంతా పిండిలా తెల్లబడిపోయింది. భుజాలు మాత్రం ఆ భుజాలే. ఆమె గాజు దగ్గరకొచ్చి నిలబడింది. అతను చాలాసేపు కళ్ళు చికిలించి చూశాడు.

"రత్నమా?" అన్నాడు. "నువ్వొచ్చావేటి?"

ఆ మాటలో ఆశ్చర్యం ఆమె గుండెకి సూటిగా తగిలింది. "రాకేటి చేస్తాను బావా?"

"నాకోసమే?"

"ఈ గదిలో నాకింకెవలున్నారు?"

అతను లేచి గాజు దాకా వచ్చాడు. మాటలు ఒక్కొక్కటే ఏరుకుంటున్నట్టు మాట్లాడాడు. కింద గాలి పొదుపు, అక్కడ ఎవరూ ఎక్కువ మాట్లాడరు.

"నువ్వు మారుమనువెల్లీసుంటావనుకున్నాను."

"ఎవలు సెప్పేరు నీకు?" రత్నానికి చదువుతో అంటిన నాజూకు కూడా ఎగిరిపోయి, అచ్చంగా పుట్టినింటి మాట వచ్చేసింది.

"ఎవలూ సెప్పలేదు. నానే అడిగినాను. మొదటి గడువు అయిపోతన్నప్పుడు. రత్నం క్షేమమా అంటే ఒక దరువు. రత్నం ఇంట్లో ఉందా అంటే ఒక దరువు. రత్నం ఎదురుచూస్తోందా అంటే..." అతను ఆగాడు. "రెండు. తప్పుగా నొక్కీసినానేమో అనీసి మల్లీ అడిగినాను. రెండే. రోజూ అడిగినాను రత్నం. అన్నిటికీ అవునంటాది, ఆ ఒక్కదానికీ కాదంటాది. ఇంక నాకేటి అర్థమవుతాది? రెండో గడువుకి వేలిముద్ర ఏసీసినాను."

ఏం జరిగిందో రత్నానికి ఆ క్షణంలోనే తెలిసిపోయింది. పదశాలలో పనిచేసినవాళ్ళకి తప్ప అది ఇంకెవరికీ తెలిసేది కాదు.

లోతూరికి పంపే క్రియల పట్టిక తయారు చేసిన రోజుల్లో ఆమె పదశాలలో కొత్త. పట్టిక ఎంత చిన్నదైతే శబ్దానికి అంత సులువు. పెద్ద పదకర్త కూర్మనాథం గారు ప్రతి క్రియకీ ఒకే ప్రశ్న వేసేవారు: ఈ పని జరిగితే లోకంలో ఏం మారుతుంది? తలుపు తెరిస్తే తలుపు తెరిచి ఉంటుంది. అన్నం తింటే అన్నం తగ్గుతుంది. 'ఎదురుచూడు' దగ్గరకొచ్చేసరికి, అందరికంటే ముందు గొంతెత్తింది రత్నమే. "దీనివల్ల ఏమీ మారదండి. మొదలు లేదు, చివర లేదు, చెయ్యడానికి పనే లేదు. ఇది క్రియే కాదు" అంది. కూర్మనాథం గారు మెచ్చుకున్నారు. ఆమె దాని మీద గీత కొట్టేసింది. అప్పటికి ఆమె ఎవరి కోసమూ ఎదురుచూసి ఎరగదు.

నేల మీద పలకలైతే తెలియని మాట వస్తే ఆ సంగతి చెబుతాయి, పైడమ్మ 'కాస్త'కి చెప్పినట్టు. లోతూరిలో పలకల్లేవు, దరువులే. మాట తెలియకపోతే నిరూపకం వాక్యాన్ని విడగొట్టలేదు. విడగొట్టలేనిదాన్ని ఋజువు చెయ్యలేదు. ఋజువు కానిదానికి రెండు దరువులు కొట్టి ఊరుకుంటుంది. అడిగింది అర్థం కాకపోయినా అదే జవాబు, నిజంగా కాకపోయినా అదే జవాబు. పదకర్తలందరికీ ఇది తెలుసు. కంబం పట్టుకుని నిలబడినవాడికి చెప్పాలని ఎవరికీ తోచలేదు.

"బావా," అంది రత్నం. "ఆ మాట దానికి తెల్దు. ఎదురుచూడ్డం అనేది దానికి నేర్పలేదు. తెలియకే కాదన్నాది. నేనే తీసీసాను ఆ మాటని. ఈ చేత్తోనే తీసీసాను."

అతను ఆ చేతికేసి చూశాడు. కోప్పడితే బాగుండునని ఆమె అనుకుంది.

"అయితే," అన్నాడు, "దాని బదులు నాను ఏ మాట అడగాల్సింది?"

ఆమె తెలిసిన క్రియలన్నీ మనసులో వెతికింది. పట్టిక మొత్తం ఆమెకి కంఠతా వచ్చు. "ఏదీ లేదు బావా," అంది, గాజుకి నుదురు ఆనించి ఏడ్చేసింది. "అడగడానికి ఏ మాటా లేదు."

"నువ్వయినా అడగలేకపోనావా, నా గురించి?"

"అడిగాను. వస్తన్నాడా అనడిగాను. రెండు కొట్టింది."

"అప్పటికి నాను వేలేసీసినాను," అన్నాడు అతను. "నీ దరువులు సూసుకుని నువ్వు, నా దరువులు సూసుకుని నాను. బాగుంది."

అతను నవ్వాడు. ఆ నవ్వు చూడలేక ఆమె, "పోనీలే, ఇప్పుడొచ్చీసావు కదా" అంది. అతను నవ్వు ఆపేశాడు. అప్పుడు చెప్పాడు. రెండో గడువు చేసిన ఒళ్ళు ఇంక పైన బతకదు. ఊపిరితిత్తులు ఆ ఒత్తిడికే అలవాటు పడిపోతాయి. వైద్యులు పరీక్ష చెయ్యడానికి పైకి తెచ్చారు, నాలుగు రోజుల్లో మళ్ళీ దించేస్తారు. ఈ గాజు దాటి ఒక్క అడుగు వేసినా ప్రాణం నిలవదు. రత్నం కిందికి వెళ్దామన్నా, ఆమె వయసువాళ్ళ గుండె ఆ దిగుడుకి ఆగదు. ఈ సంగతి అతను చెప్పక్కర్లేదు, ఆమెకి తెలుసు.

ఆ నాలుగు రోజులూ రత్నం పనికి పోలేదు. కొర్రమీను పులుసు వండి తెచ్చింది. గాజులోంచి పులుసు వెళ్ళదు. "నువ్వు తినీ, నాను సూస్తాను" అన్నాడు అతను. ఆమె కింద కూర్చుని తింటే ప్రతి ముద్దా చూశాడు. "ఉప్పు సరిపోయిందా?" అని అడిగాడు. "కాస్త తక్కువైంది" అంది. వాళ్ళిద్దరికీ ఆ కాస్త ఎంతో తెలుసు. లోతూరిలో వెలిగే చేపల గురించి చెప్పాడు. సముద్రం అడుగు చూడాలన్న కోరిక మొదటి నెలలోనే తీరిపోయిందని చెప్పాడు. తీరాక మిగిలినదంతా ఇంటి మీద బెంగేనని కూడా చెప్పాడు. ఆమె అన్నీ విన్నది. అతని చెయ్యి పట్టుకోవాలని ఆమెకి ఒళ్ళంతా ఆశగా ఉండేది. ఇద్దరూ గాజుకి అటూ ఇటూ చేతులు ఆనించి కూర్చునేవారు. గాజు చాలా మందం, వేడి కూడా తెలిసేది కాదు.

చివరి రోజు అతను, "నాకోసం సూడకు, నీ బతుకు నువ్వు బతుకు అని సెప్పాల నాను," అన్నాడు. "సెప్పాలనే అనుకున్నాను రత్నం. నోరు రాడం లేదు. కింద ఆ ఒక్క మాట అడిగే వీలుంటే సాలు నాకు. నువ్వు రాకపోయినా, నాను రాకపోయినా సాలు. పొద్దున్నే అడిగీసి పనికెల్తాను."

నౌక మునిగిపోయేదాకా ఆమె రేవులో నిలబడింది. తర్వాత కంబం దగ్గర ఆగకుండా తిన్నగా పదశాలకి వెళ్ళింది.

కూర్మనాథం గారు బాగా ముసలివారైపోయారు, అయినా పట్టిక ఇప్పటికీ ఆయన చేతిలోనే ఉంది. రత్నం చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నారు. 'ఎదురుచూడు'ని లోతూరి పట్టికలో చేర్చడానికి ఒప్పుకున్నారు. తప్పు తనది కూడానని అన్నారు. ఆ తర్వాత పదకర్త అడగవలసిన ప్రశ్నే అడిగారు.

"క్రియ చేరిస్తే చాలదు కదమ్మా. ఎవరు ఎదురుచూస్తున్నట్టు, ఎవరు చూడనట్టు? నిరూపకం తేల్చుకోవడానికి నియమం కావాలి. రాశావా?"

రత్నం రాయడానికి కూర్చుంది. ఒక రాత్రంతా కూర్చుంది. మళ్ళీ పెళ్ళి చేసుకోనివాళ్ళు ఎదురుచూస్తున్నట్టు అని రాసి కొట్టేసింది, ఒంటరిగా ఉండి ఎవరినీ తలుచుకోనివాళ్ళు ఎంతమంది లేరు? రోజూ కంబం దగ్గరకి వచ్చేవాళ్ళు అని రాసి కొట్టేసింది, కాలు కదపలేక మంచంలో పడి చూసేవాళ్ళు ఉంటారు. ఏ షరతు పెట్టినా ఎవరో ఒకరు బయటే ఉండిపోయారు.

"నియమం లేదండి," అని తెల్లవారాక కూర్మనాథం గారితో అంది. "మనిషి ఎవరికి వాళ్ళొచ్చి చెప్పుకోవాలి. మొదట నాది రాయనివ్వండి. నూకరత్నం అప్పలసూరి కోసం ఎదురుచూస్తోంది. షరతేమీ లేదు. ఊరికే నిజం, అంతే."

కూర్మనాథం గారు బల్ల మీది పలక మీద చెయ్యి ఆనించి అన్నారు. "షరతు లేని నిజం దానంతట అది చెరగదమ్మా. రాసినవాళ్ళు తప్ప ఇంకెవరూ తియ్యడానికి లేదు. నువ్వు తియ్యకుండా పోయావనుకో. ఆ తర్వాత కూడా అతను అడిగినప్పుడల్లా నిరూపకం ఒక దరువే కొడుతుంది. నువ్వు ఉండవు, నువ్వు ఎదురుచూస్తున్నావని చెబుతూనే ఉంటుంది. ఇన్నేళ్ళలో మనం దానికి ఒక్క అబద్ధం కూడా నేర్పలేదు. అది అబద్ధం అవదూ?"

రత్నం పలకని తన వైపు జరుపుకుంది.

"అవదండి," అంది.